ఆ బంతి ఎవరూ ఎత్తొద్దు

పోయిన ఏడాది మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టర్లు. ఆయనకు మాత్రం ప్రాణం కంటే పెద్ద దిగులు ఒకటుంది, మళ్ళీ గోల్ఫ్ ఆడగలనా అని. ఫౌజులో కల్నల్‌గా రిటైరైన మనిషి. ఏ ఊరికి బదిలీ అయినా, నేనింకా పెట్టెలు విప్పకముందే అక్కడి గోల్ఫ్ మైదానం చూసొచ్చేవాడు. "ఆడతారు, నాదీ పూచీ" అన్నాను. నమ్మలేదు. నేనొక మాట అన్నానంటే అది జరగాల్సిందే. పుట్టింటివాళ్ళకు ముందే తెలుసు, అత్తింటివాళ్ళకు మెల్లగా తెలిసొచ్చింది.

మా పుట్టిల్లు శామీర్‌పేట దగ్గర. అన్న వరి కోసిన మడిలో, మిగిలిన మోళ్ళ మధ్యే నెలల తరబడి ఆయనతో బంతి కొట్టించాను. మొదట్లో కర్ర ఒక దిక్కు, బంతి ఒక దిక్కు. గట్టు మీద కూర్చుని మా అమ్మ చూసేది.

"ఏందే, అల్లుడు గా కొయ్యకాళ్ళల్ల ఏం దేవులాడుతుండు?"

"బంతే అమ్మా."

"గంత పెద్ద నౌకరి జేసిండు, జర పెద్ద బంతి కొనుక్కోరాదా!"

ఆయన పగలబడి నవ్వేవాడు. కోస్తా మనిషి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా అమ్మ మాట సగమే అర్థమవుతుంది, ఆ సగానికే అంత నవ్వు.

చెయ్యి కాస్త కుదురుకోగానే ప్రయాణం కట్టించాను. ఆయన పనిచేసిన కంటోన్మెంట్లు ఒక్కొక్కటీ కారులో చుట్టి, ప్రతిచోటా ఆడి రావాలి. నాకు ఆట రాదు, గోల్ఫ్ కర్రల సంచి ఉన్న బండి లాగుతాను. కారు మాత్రం నేనే నడుపుతాను. యాప్రాల్‌లోని మా ఇంటి నుంచి పొద్దున్నే బయటపడి, మేడ్చల్ దాటాక రోడ్డు పక్కన ఆగి, కట్టుకున్న ఇడ్లీలు తిని నాగ్‌పూర్ దారి పట్టాం. లారీలను దాటేస్తుంటే ఆయన సీటు అంచు పట్టుకుని "మెల్లగా తల్లీ, యుద్ధానికి పోవట్లేదు" అనేవాడు. "ఆట మీది, స్టీరింగ్ నాది. నోరు మూసుకుని కూసోండ్రి" అనేదాన్ని.

మొదటి మైదానంలో పచ్చిక తక్కువ. బంతి పడాల్సిన గుంత చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక పరిచారు. ఆయన ఇసుకను శ్రద్ధగా చదును చేసుకుని నిలబడ్డాడు. గోల్ఫ్‌లో ఒక మర్యాద ఉంది. బంతి గుంతకు జానెడు దూరంలో ఆగితే ఎదుటివాళ్ళు "ఇచ్చేశాం" అంటారు. ఇక కొట్టనక్కర్లేదు, పడ్డట్టే లెక్క. జానెడైతే మర్యాదే. కానీ ఆ రోజు మాతో ఆడిన మేజరు ఆయన చెయ్యి వణకడం చూసి, బారెడు దూరం నుంచే "ఇచ్చేశాం సార్" అన్నాడు. వంగి బంతి తీసి రెండు చేతులతో అందించాడు కూడా.

తర్వాతి ఊళ్ళోనూ అంతే, ఆపై ఊళ్ళోనూ అంతే. ఫౌజులో పెద్దవాళ్ళంటే గౌరవం. రోగమొచ్చిన పెద్దవాళ్ళంటే ఇక చెప్పక్కర్లేదు. ఆయన థాంక్యూ అని బంతి జేబులో వేసుకునేవాడు.

తిరుగు ప్రయాణంలో ఆదిలాబాద్ దాటాక ఉన్నట్టుండి అడిగాడు. "ఇన్ని ఊళ్ళు తిరిగాం. ఒక్క బంతైనా నా అంతట నేను గుంతలో వేశానా?"

ముందున్న లారీని దాటకుండా దాని వెనకే కారు నెమ్మది చేశాను.

"అందరూ మంచివాళ్ళేనే. కానీ నా చెయ్యి పనికొస్తుందో లేదో నన్ను తెలుసుకోనివ్వట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఇంటికొచ్చినా చల్లారలేదు. ఇక మిగిలింది శామీర్‌పేట వైపున్న మైదానం ఒక్కటే. ఆయన పాత స్నేహితులు ఇద్దరు ఆడటానికొచ్చారు. ఏదీ ఇవ్వొద్దని వాళ్ళకు ముందే చెప్పాను. సరే సరే అన్నారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి గుంత నుంచే మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టారు. నేను పళ్ళు కొరుక్కుంటూ బండి లాగాను.

చివరి గుంత దగ్గర ఆయన బంతి రెండడుగుల దూరంలో ఆగింది. ఒకాయన "ఇచ్చేశాంరా" అంటూ వంగాడు.

"అన్నా, చెయ్యి దియ్యిండ్రి! ఆ బంతి ముట్టుకున్నరంటే మంచిగుండదు. మీ జాలి మీ జేబుల పెట్టుకోండ్రి!"

ఆ స్నేహితుడు బిత్తరపోయి వెనక్కి జరిగాడు. మా ఆయన నావైపు ఒక్క చూపు చూసి, కర్ర సవరించుకుని కొట్టాడు. చెయ్యి వణికింది. బంతి గుంత పక్కనుంచి జారిపోయింది. మళ్ళీ కొట్టాడు. అంచుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. తప్పు చేశానా అని మాత్రం అనుకోలేదు, అనుకుంటే నేను నేనెలా అవుతాను? ఆయన మళ్ళీ నిలబడి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. పడింది.

ఆ స్నేహితుడే కళ్ళు తుడుచుకుంటూ, దెబ్బల లెక్క రాసుకునే కార్డూ పెన్నూ తీశాడు. "మొదటి దెబ్బకే పడ్డట్టు రాసేస్తానురా, ఏం పోయింది."

"ఒకటి కాదురా, మూడు" అన్నాడు మా ఆయన, మీద పడి పెన్ను పట్టుకున్నంత పనిచేసి. "మూడని రాయి. మూడూ నేనే కొట్టాను."