రేవు మనిషికి ఇరవయ్యేళ్ళు

2024 జూన్ 13, గురువారం, సాయంత్రం ఆరున్నర. గుడివాడ నుంచి ఆమె ఫోను చేసింది. బందరులో మా ఇంటి వరండాలో కుర్చీని దీపం కిందికి జరుపుకొని నేను నవల మొదటి పేజీ తెరిచాను.

ఆమె మా ఆఫీసులో నా ఎదుటి బల్ల మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఏడేళ్ళపాటు మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం కలిసి నవలలు చదువుకున్నాం. ఒకరు క్యారియరు విప్పి అన్నం కలుపుకుంటుంటే రెండోవారు పైకి చదవాలి, మర్నాడు వంతు మారాలి. నియమం ఒక్కటే: ఎవరూ ముందుకు చదవకూడదు. అందుకే పుస్తకం ఆఫీసు బీరువాలోనే ఉండేది. ఆ జూన్ మొదటి వారంలో ఆమెకు గుడివాడ బదిలీ అయింది. వెళ్ళేరోజు బస్టాండులో, ఇకమీదట ఒకే పుస్తకం చెరొకటి కొనుక్కుందామనీ, ప్రతి గురువారం ఫోనులో చదువుకుందామనీ ఆమే అంది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఫైళ్ళతో పనిలేని మాటలు నేను మాట్లాడగలిగే గంట వారం మొత్తంలో అదొక్కటే అవుతుందని బస్సు కదలకముందే నాకు తెలుసు.

నవల ఆమె ఎంపిక. మాయలూ ప్రేమా కలిసిన కథ, రెండు భాగాలు. రెండోది అప్పటికింకా రాలేదు. అలాంటి కథలంటే నాకు నమ్మకం తక్కువ. పైగా దివిసీమలో పుట్టి, ఆటుపోట్లు చూస్తూ పెరిగినదాన్ని. మూడో పేజీలోనే రచయిత అమావాస్య పోటు వేళ తప్పు రాశారని పెన్సిలుతో గీతపెట్టి, ఆ సంగతి ఫోనులో చెప్పాను.

“నీళ్ళలోంచి కిరీటం పెట్టుకుని మనిషి లేచొచ్చాడు, దానికేం ఇబ్బంది లేదు మీకు. పోటు టైమే తప్పొచ్చిందా అక్కా?” అని ఆమె చాలాసేపు నవ్వింది.

తరవాత గీతలు పెట్టడం మానేశాను. కథలో ఒక లంక దగ్గర రేవు దాటించే మనిషి ఉంది. వయసు నలభై తొమ్మిది, ఇంచుమించు నా వయసే, జుట్టు నెరిసింది, మోకాళ్ళ నొప్పి. అమావాస్యకు ఒకసారి నదీరాజు పైకి వచ్చి ఆమె పడవలో కూర్చుంటాడు. ఆమె దాటించిన మనుషుల గురించి అడుగుతాడు. ఎవరు ఏడుస్తూ ఎక్కారు, ఎవరు తిరిగి రాలేదు. ఆమె చెబుతుంటే వింటాడు. రచయిత ఆమె అందాన్ని ఎక్కడా వర్ణించలేదు. గడ పట్టీ పట్టీ కాయలు కాచిన అరచేతులను మాత్రం పేజీన్నర వర్ణించారు. ఆ వయసు మనిషిని ఒక ప్రేమకథ మధ్యలో కూర్చోబెట్టి, ఆ వయసుకు క్షమాపణ చెప్పకుండా రాసిన పుస్తకం నాకు అంతకుముందు తటస్థపడలేదు. ఆ పేజీన్నర చదివే వంతు నాదే అయింది. మధ్యలో మంచినీళ్ళ కోసమని లేచాను.

రెండో భాగం వచ్చింది. డిసెంబరు 5న మొదలుపెట్టి, గురువారానికి రెండు అధ్యాయాల చొప్పున నడిపాం. జనవరి 9న ఆమె, ఈ వారం వద్దక్కా, ఇంట్లో చుట్టాలున్నారు అంది. మరుసటి వారం పిల్లవాడి పరీక్షలు. ఆపైన తలనొప్పి. వరసగా అయిదు గురువారాలు అలాగే గడిచాయి. పుస్తకం నా బల్ల మీదే ఉంది, ఆపిన చోట బస్సు టిక్కెట్టు పెట్టి. నియమం ఉంది కనుక తెరవలేదు. కొత్త ఊళ్ళో కొత్త స్నేహాలు కలిసి ఉంటాయనీ, నాతో విసుగెత్తి ఉంటుందనీ, ఆ మాట చెప్పలేక సాకులు చెబుతోందనీ అనుకున్నాను. ఆరున్నరకు కళ్ళజోడు పెట్టుకొని కూర్చోవడం, ఏడింటికి తీసి పెట్టెలో పెట్టడం.

ఫిబ్రవరి 9, ఆదివారం, మా ఆఫీసులో ఒకరి గృహప్రవేశానికి అవనిగడ్డ వెళ్ళాను. పుస్తకం సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకు తెలుసు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మోపిదేవిలో గుండ్లు చేయించుకున్న కుటుంబం ఒకటి ఎక్కి, వాళ్ళ చంటిబిడ్డ బోడితల నా భుజం మీదికి వాల్చి నిద్రపోయింది. నేను కదలకుండా చదివాను. చల్లపల్లి చేరేలోగా పుస్తకం అయిపోయింది.

ముగింపులో నదీరాజు రేవు మనిషికి ఒక కుండెడు నీళ్ళు ఇస్తాడు. తాగగానే ఆమెకు ఇరవయ్యేళ్ళు వస్తాయి. జుట్టు నల్లబడుతుంది, చేతులు మెత్తబడతాయి. “ఇప్పుడు నాకు తగిన రాణివయ్యావు” అంటాడు. ఊరేగింపు, పట్టాభిషేకం, శుభం. ఆ చేతుల మాట మళ్ళీ లేదు. ఆమె దాటించినవాళ్ళ కథలన్నీ విన్న మనిషికి, ఆ కథలన్నీ జరిగిన ఒళ్ళు మాత్రం పనికిరాలేదు.

గురువారం ఆరున్నరకు నేనే ఫోను చేశాను. పుస్తకం పూర్తిచేశాను, నియమం తప్పాను అన్నాను. అటువైపు కూస్తున్న కుక్కరును ఆమె దించి వచ్చింది.

“నేను జనవరిలోనే చదివేశానక్కా, ఒక్క పూటలో. ఆగలేకపోయా,” అంది. “ఆవిడ ఆ నీళ్ళు తాగే చోట నాకు మీ ముఖమే కనపడింది. అది చదివే వంతు నాది. మీకు ఎట్టా చదివి వినిపించమంటారు?”

నాతో విసుగెత్తి తప్పించుకోలేదని తెలిసి సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఇన్నేళ్ళలో నా సొంత సంగతి ఒక్కటీ ఆమెకు చెప్పలేదు. పడవ మనిషి గురించి మాట్లాడుతున్నాననే అనుకున్నాను. ఆమె వింటున్నది ఎవరి గురించో ఆ సాయంత్రం అర్థమైంది. రచయిత మీద వచ్చిన కోపం చెప్పుకోవచ్చు. దీనికి మాత్రం, పర్లేదమ్మా, కథే కదా అన్నాను.

ఇంకో పుస్తకం చూద్దాం, ఈసారి హత్య కథ, అందులో ఎవరికీ పెళ్ళి కాకూడదు అంది. నేను నవ్వాను. సరే అన్నాను. ఏది కొనాలో ఇద్దరమూ ఇంకా చెప్పుకోలేదు. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. వంటలూ, బదిలీల కబుర్లూ చెప్పుకుంటాం. ఎవరమూ పైకి చదవము.

పోయినవి: నవల రెండో భాగం (ఆఫీసు బీరువాలో పెట్టి వచ్చాను), ముందుకు చదవకూడదన్న నియమం, గురువారం సాయంత్రం ఆరున్నర. ఉన్నవి: మూడో పేజీలో పెన్సిలు గీతతో సహా మొదటి భాగం; గుడివాడలో నా ముఖం గుర్తున్న ఒక మనిషి.