కర్త లేని వాక్యం

‘చివరి బెంచీ’ని టీచరమ్మ మొదటిసారి చూసింది ఒక తోక కత్తిరిస్తున్నప్పుడు.

ఉన్నతవిద్య నాణ్యతను పరిశీలించే ఆ కార్యాలయంలో, నివేదికల భాష దిద్దడానికి, బడిలో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఆవిడను పెట్టుకున్నారు. కనబడిన ‘ప్రాముఖ్యత’ కల్లా ‘త’ కొట్టేస్తూ, “ప్రాముఖ్యం చాలదూ? దానికి మళ్లీ తోకెందుకు?” అని ఆవిడ గొణుక్కుంటూంటే గుమ్మంలో ఎవరో నవ్వారు.

“ఆ తోకలన్నీ నావేనండీ. నివేదిక నాదే.”

నలభై దాటిన మనిషి. ఇస్త్రీ ఉన్నా మెడపట్టీ వెలిసిపోయిన చొక్కా. కళాశాలలకు వెళ్లి ఆఖరి వరుసలో కూర్చుని పాఠం వినడం ఆయన పని. ‘చివరి బెంచీ’ అన్న పేరూ అక్కడినుంచే వచ్చింది. గంట కొట్టాక విద్యార్థులను ఒక్కటే అడిగేవాడు: “ఇవాళ మీరేం అడిగారు?” మేష్టారేం చెప్పారని కాదు. భవనాలూ కుర్చీలూ చూసి శ్రేణులిచ్చే కార్యాలయంలో ఆయన ఒక్కడే నోళ్లను చూసి వచ్చేవాడు. అడిగే నోరున్నచోటే చదువున్నదని ఆయన పరిశోధన సారాంశం.

ఆయనకు పెళ్లి కాలేదు. పెంచింది అక్క. ఆవిడ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, “తిన్నావట్రా?” అని అడిగేది. ఆయన తిన్నా తినకపోయినా “ఆఁ” అనేవాడు.

ఆ యేడు పరిశీలనకు వచ్చిన కళాశాలల్లో ఒకదానికి బావే ప్రిన్సిపాల్. చివరి బెంచీ ఉన్నదున్నట్టు రాశాడు: ‘ఇక్కడ అధ్యాపకులు పాఠం చెప్పడం లేదు, చదివి వినిపిస్తున్నారు. సందేహం అడిగిన విద్యార్థిని ప్రిన్సిపాల్ అందరి ముందూ నిలబెట్టారు.’

అక్క నేరుగా కార్యాలయానికే వచ్చింది.

“నీకు అక్షరాలు దిద్దించిన చేతికే వాత పెడతావట్రా?”

“బావ పేరు రాయలేదక్కా. ప్రిన్సిపాల్ అన్నాను, అంతే.”

“ఓహో! ఆ కాలేజీకి ఇద్దరు ప్రిన్సిపాళ్లున్నార్రా మరి?”

పక్క బల్లలవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. “అది మార్చు. మార్చేదాకా నీకు అక్క లేదనుకో,” అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

మార్గం ఆ కార్యాలయ కార్యదర్శే చూపించాడు. ‘ప్రశ్నలు నిరుత్సాహపరచబడుతున్నట్లు గమనించబడినది’ అంటే చాలునన్నాడు. పామూ చావదు, కర్రా విరగదు.

ఆ కాగితం పట్టుకుని ఆయన టీచరమ్మ దగ్గరికి వచ్చాడు. “ఇలా మారిస్తే అక్క మళ్లీ మాట్లాడుతుందండీ.”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని పైకే చదివింది. “రెండు ‘బడు’లున్నాయి, మనిషి ఒక్కడూ లేడు. నిరుత్సాహపరిచిందెవరు? గమనించిందెవరు?”

“గమనించింది నేనే కదండీ.”

“ఈ వాక్యంలో మీరూ లేరు బాబూ. ఊడ్చేశారు.”

ఆయన ఆ కాగితాన్ని మరోసారి చదువుకుని మడిచేశాడు. ప్రిన్సిపాల్ నిలబెట్టిన ఆ పిల్లవాడు గుర్తుకొచ్చాడేమో. “అయితే పాతదే ఉంచండి,” అన్నాడు చివరికి.

కార్యదర్శి టీచరమ్మను పిలిపించాడు. “నేను రాసింది వ్యాకరణానికి తప్పామ్మా?”

“వ్యాకరణానికి ఒప్పే. నుడికారానికి తప్పు. ఇలాంటి వాక్యం నా చేతిమీదుగా పోదు.”

బడిలో గుంజీలు తీసిన రోజులు జ్ఞాపకం వచ్చినట్టు కార్యదర్శి తల ఊపాడు. పాత వాక్యమే అచ్చయింది. ప్రతి తరగతిలోనూ విద్యార్థుల ప్రశ్నలకు సమయం విడిచిపెట్టాలన్న నియమమూ దాని వెనకే వచ్చింది.

అక్క అన్న మాట నిలబెట్టుకుంది. కార్యాలయమూ ఆవిడ దారే పట్టింది. “ఆయన పక్కన కూర్చోకండ్రోయ్, మనమీదా ఓ వాక్యం రాస్తాడు,” అని ఎవరో అన్న హాస్యం కొన్నాళ్లకు అలవాటై కూర్చుంది. కాంటీన్‌లో ఆయన బల్లకు ఎదుటి కుర్చీని పక్క బల్లవాళ్లు లాక్కుపోయేవారు. సాయంత్రమయ్యేసరికి ఫోన్‌ను బల్లమీద వెల్లకిలా పెట్టుకుని, దాన్ని చూడనట్టు చూస్తూ కూర్చునేవాడు.

ఆ పైన దూరపు శాఖకు బదిలీ అయింది. వీడ్కోలు సభంటూ ఏదీ జరగలేదు. సంచీ భుజాన వేసుకుని ఆయన టీచరమ్మ గదికి వచ్చి, చెప్పవలసినవన్నీ చెప్పి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“టీచరమ్మగారూ, ఒక్కటి అడగనా?”

“అడగండి బాబూ. అడిగే నోరున్నచోటే కదా చదువు!”

ఆయన నవ్వబోయి మానేశాడు.

“సాయంత్రాలు మీకు వీలైనప్పుడు నాకు ఫోన్ చేసి, తిన్నానో లేదో అడుగుతారా? ‘తిన్నారా’ అనకండి. ‘తిన్నావా’ అనండి.”