గలగలమన్న బైబిలు

సుందరం పెళ్లి ఫోటోలో నేను కనబడను. తోడి పెళ్లికొడుకుని నేనే, అతని పక్కన నిలబడాల్సినవాణ్ణి. కానీ ఫోటో తీసే వేళకి చర్చిలో బల్లకింద నాలుగు కాళ్ల మీద పాకుతూ నల్ల ఏనుగు కోసం వెతుకుతున్నాను. చర్చిలోకి ఏనుగు ఎలా వచ్చిందని మీరడుగుతారు. నేనే తెచ్చాను. ఆ ఘోరం చెప్పడానికే కూర్చున్నాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు గుడంతా నవ్వింది, మీరొక్కరూ మొహమాటపడితే పోయిన నా పరువు తిరిగి రాదు.

అప్పట్లో మేం సికింద్రాబాదు రాంగోపాల్‌పేటలో ఉండేవాళ్లం. నాన్నగారు గుంటూరు వైపు నుంచి మిషను బళ్లో పంతులుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఒక డ్రాయింగు ఆఫీసులో ట్రేసర్ని. అంటే ఇంజనీరు గీసిన గీతల మీద పల్చటి కాగితం పరిచి మళ్లీ అవే గీతలు గీసేవాణ్ణి. ఎవరైనా అడిగితే మాత్రం "డిజైన్లు చూస్తుంటానండి" అనేవాణ్ణి. అలా అనీ అనీ చివరికి నేనే నమ్మేశాను. అసలు జబ్బు అక్కడ మొదలైంది.

పోలీసు యాక్షన్ రోజులవి. ఆఫీసులు మూశారు, బజారు మూశారు, గడప దాటొద్దని పెద్దవాళ్లు కట్టడి చేశారు. రేడియో ఉన్న ఇంటి కిటికీల కింద జనం చెవులు రిక్కించి నిలబడేవారు. ఆ రోజుల్లో ఏడ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మేం భయపడుతూ ఆటలాడుతూ కూర్చున్నాం. మేం అంటే నేను, పక్కవీధి సుందరం, రెజిమెంటల్ బజారులో టీపొడి దుకాణం ఉన్న నర్సింలు. క్యారమ్స్, చదరంగం, పచ్చీసు, ఏది దొరికితే అది. నా గది నేలంతా బిళ్లలూ గవ్వలే. మా అమ్మ కాలికింద గుర్రం గుచ్చుకుంది. పప్పులో బంటు వచ్చింది. ఇంకొక్కటి కనిపిస్తే అన్నీ పొయ్యిలో వేస్తానని ఆవిడ చెప్పింది. మా అమ్మ చెప్పిందంటే చేసే మనిషి.

సుందరానికి వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. అతనికి పాస్టరు కృపానందంగారమ్మాయి లిల్లీతో పెళ్లి కుదిరింది. కృపానందంగారికి ఆటలంటే ఒళ్లు మంట. సిలువకింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లేశారనీ, ఆ చీట్లే కాలక్రమాన పాచికలై, గవ్వలై, చివరికి క్యారంబోర్డై సికింద్రాబాదు చేరాయనీ ఆయన ప్రతి నెలా బోధించేవారు. జన్మలో గవ్వ ముట్టలేదని సుందరం ఆయన ముందు ప్రమాణం చేసి పిల్లను ఒప్పించుకున్నాడు. ఆ పాస్టరుగారేమో ఎప్పుడుపడితే అప్పుడు మా ఇంటికి ప్రార్థనకి వస్తుంటారు.

"అన్నీ ఒక్క పెట్టెలో పట్టాలి. ఎదురుగా పెట్టినా ఆటల పెట్టె అని ఎవరికీ తెలియకూడదు. చేస్తావా?" అన్నాడు సుందరం.

డిజైన్లు చూసే మనిషిని అలా అడగొచ్చా? వెంటనే కాగితం పరిచాను. ఈసారి కాగితం కింద ఎవరి గీతలూ లేవు. పాస్టరుగారి కన్ను పడినా అనుమానించని వస్తువు ప్రపంచంలో ఒక్కటే ఉందని నాకు తట్టింది. పెట్టెని బైబిలులా చేస్తాను.

నర్సింలు టీ పెట్టెల చెక్క ఇచ్చాడు. క్యారమ్స్ బిళ్లలకి వెదురు గొట్టాలు కోసి పక్కపక్కనే పడుకోబెట్టాను. చదరంగం బలగాన్ని మూడో తరగతి రైలుపెట్టెలో జనంలా ఒకడి తల పక్కన ఇంకొకడి కాళ్లు వచ్చేలా సర్దాను. మిగిలిన సందుల్లో గవ్వలు, పాచికలు. పైన గాడిలో జారే మూత. అట్టకి నల్లగుడ్డ కావాలంటే కొత్తది కొనడమెందుకని మా గొడుగు గుడ్డ ఊడదీసి అంటించాను. పక్కలకి బంగారు రంగు, మీద తగరంతో సిలువ. మూతకీ గాడికీ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. వానాకాలంలో మా గది తలుపు ఉబ్బి బిగుసుకుంటే రోజూ భుజంతో గుద్ది తెరిచేవాణ్ణి. అయినా తలుపూ చెక్కే, మూతా చెక్కే అన్న ముక్క నా బుర్రకి తట్టలేదు.

నర్సింలు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగ చేసినవ్ గని, జెర ఎక్వనే బిగించినవ్‌రా భయ్" అన్నాడు. అది మెచ్చుకోలనుకున్నాను.

దారులు తెరిచారు, నిజాం రాజ్యం పోయింది, ఆగిన పెళ్లికి మళ్లీ ముహూర్తం కుదిరింది. ముందురోజు సుందరం ఉంగరం నా చేతిలో పెట్టి జాగ్రత్త అన్నాడు. జేబులో పెడితే జారుతుంది. పెట్టెలో పెడదామంటే నా డిజైనులో ఆవగింజకి చోటులేదు. ఆలోచించి ఆలోచించి తెల్లరాజు మెడకి తొడిగాను. అచ్చం దండలా అమరింది. బైబిలుని దొంగ కూడా ముట్టడని మురిసిపోతూ మూత బిగించాను.

తెల్లారి కుండపోత. గొడుగు తీస్తే చువ్వలే ఉన్నాయి. గుడ్డంతా బైబిలు మీదుంది కదా. నేనూ నా పెట్టే కలిసి తడుస్తూ గుడికి చేరాం.

కీర్తన పాడారు, వాక్యం చదివారు. కృపానందంగారు నా వైపు చెయ్యి చాపి "ఉంగరం" అన్నారు. మూత లాగాను. రాలేదు. గోళ్లు పెట్టి లాగాను. గోళ్లు వచ్చాయి.

"తియ్యరా" అని గొణిగాడు సుందరం.

"తెరుచుకోవట్లేదు."

"ఏది?"

"బైబిలు."

సుందరం ముఖం పెళ్లికూతురి ముసుగులా తెల్లగా పాలిపోయింది. ఆ పెట్టె నేను గుళ్లోకి తెస్తానని పాపం అతనూహించలేదు. పాస్టరుగారు కళ్లజోడు మీంచి చూసి, "ఏం బాబూ, బైబిలు తెరిచే అలవాటు తప్పిందా?" అన్నారు. మొదటి నవ్వు ముందు బెంచీల్లోంచి వచ్చింది. ఆయనే నా చేతిలోంచి పెట్టె తీసుకున్నారు. బరువు చూశారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"దేవుని వాక్యం గలగలమంటోందేమిటి?"

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. "పాత నిబంధన కాస్త వదులైందండి" అన్నాను.

ఆయన పెట్టెను పొట్టకి ఆనించి రెండు చేతులా ఒక్క గుంజు గుంజారు. మూత ఊడి పెళ్లికూతురి మేనత్త ఒళ్లో పడింది. మిగతాదంతా గాల్లోకి లేచింది. బిళ్లలు పెద్దల బెంచీల కిందికి దొర్లాయి, గుర్రాలు పాటల బృందంలోకి దూకాయి. ఏ పుట్టలో ఏ పాముందో అంటారు. ఆ పూట ఏ బైబిల్లో ఏ పాచికుందో గుడంతా చూసింది. నల్ల ఏనుగు బల్లకిందికి పోయింది. గవ్వలు మాత్రం ఎటూ పోకుండా పాస్టరుగారి పాదాల దగ్గర పడి ఆగాయి.

ఆయన తలవంచి ఆ గవ్వల్నే చూస్తున్నారు. ఆయన పెదాలు వాటంతటవే కదిలాయి.

"పచ్చీసు" అన్నారు.

మెల్లగానే అన్నారు. కానీ ఆ నిశ్శబ్దంలో చివరి బెంచీ దాకా వినిపించింది. పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మాట తెలియనివాళ్లకి పక్కవాళ్లు చెవిలో చెప్పారు. అంత బోధ చేసినాయన గవ్వల్ని చూడగానే పందెం ఇరవైఅయిదు పడిందని చెప్పేశారు.

ఆయన గొంతు సవరించుకుని, గట్టిగా "ఉంగరం ఏది?" అన్నారు. దొరికింది. రాజు మెడకే ఉంది. కానీ వానకి రాజు కూడా ఉబ్బాడు. నేను లాగాను, సుందరం లాగాడు, ముసుగులోంచి లిల్లీ కూడా చెయ్యి సాచింది. చివరికి పాస్టరుగారు రాజును బల్ల అంచుకి ఆనించి ఒక్క దెబ్బ కొట్టారు. తల ఎగిరిపోయి ఉంగరం చేతికొచ్చింది.

వెనక బెంచీలోంచి నర్సింలు నిట్టూర్చాడు. "గీడ సుత రాజు పోయిండా."

అంతే, గుడి కప్పెగిరేలా నవ్వారు. ఆ నవ్వుల మధ్యే పెళ్లయిపోయింది. సుందరం చేసిన ప్రమాణం గురించి అడిగే ముఖం పాస్టరుగారికి మిగల్లేదు. ముక్కలన్నీ ఏరి, పెట్టెతో సహా తమ ఇంట్లో అప్పగించమని మాత్రం నాతో కటువుగా చెప్పారు. అప్పగించి వచ్చాను.

తరవాత కొన్నాళ్లకి రమ్మని కబురొచ్చింది. వెలివేస్తారేమోనని మా అమ్మ ప్రార్థనలో కూర్చుంది. నేను వెళ్లాను. ఆయన నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. మంచం మీద చదరంగం పరిచి ఉంది. అవతలివైపు పాస్టరమ్మగారు మంత్రిని పట్టుకుని ఆలోచిస్తున్నారు.

"తెల్లవైపు రాజు లేడు" అన్నారు పాస్టరుగారు. "ఈవిడ ఉప్పుడబ్బా మూత పెట్టి అదే రాజనుకోమంటోంది. నేనొప్పుకోను. ఆదివారం లోపల ఒకణ్ణి చెక్కి పట్రా. పెట్టె మూత కూడా కాస్త వదులు చెయ్యి."

"అలాగేనండి."

ఆయన తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "పైన బైబిలు వద్దు నాయనా, పాపం. కీర్తనల పుస్తకంలా చెయ్యి. సంఘపెద్దలు వస్తూ పోతూ ఉంటారు."

చేసిచ్చాను. ఆ మీదట చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఇక పెట్టె చేయను. చేసినా పవిత్ర గ్రంథంలా చేయను. అలా చేయమని పాస్టరుగారే అడిగితే తప్ప.