సిల్వర్ చక్రాలు

మా అమ్మకు ఒక సవతి ఉండేది. ఎర్రది, పొట్టిది, నెత్తిన కప్పు లేనిది, రెండే రెండు సీట్లది. వనపర్తిలో ఒక దొర దగ్గర మా నాయన ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ దొర కుర్రతనంలో ముచ్చటపడి తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు అది. దొర పోయాక దొరసాని హైదరాబాద్ వెళ్లిపోతూ, దాని మొండితనం నీ ఒక్కడికే తెలుసంటూ తాళంచెవి నాయన చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి మా ఇంటి పక్క రేకుల షెడ్డు దానిదైపోయింది.

"నా మీద ఎండ కొట్టినా సూడడు, దాని మీద దుమ్ము వడితే ఓర్వడు" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చెప్తూనే తన పాత చీరల్లో మెత్తటిది చూసి, కారు తుడవడానికి చింపి ఇచ్చేది.

నేను నాగర్‌కర్నూల్లో లెక్కల టీచర్‌గా చేస్తున్న రోజుల్లో నాయనకు పక్షవాతం వచ్చింది. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న కాలం. దవాఖానలో నెల రోజులు ఉంచారు. మాట తిరిగి వచ్చింది, కాలు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. అది ఒళ్లో పడి ఉండేది. అమ్మ అన్నం కలిపి ముద్ద పెట్టబోతే నాయన మొహం తిప్పుకునేవాడు. ఎడమచేత్తో తినలేడు, ఇంకొకరి చేతి ముద్ద మింగలేడు. ఆ చేతికి పని చెప్పకపోతే కట్టెలా బిగుసుకుపోతుందని డాక్టరు పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. నాయన దాన్ని మంచం కిందికి విసిరేశాడు.

ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "ఒక్కసారి మార్కెట్ యార్డుల కారు తిప్పితె సాలు బిడ్డా. అటెనుక ఏమైనా సరే" అన్నాడు.

అడిగింది అంతే. అయితే ఆ కారు స్టీరింగు మొదటి నుంచీ బిగువు. పైగా టైర్లు ఎన్నేళ్ల నాటివో, పగుళ్లు పోయి రాయిలా గట్టిపడ్డాయి. ఒక్క చేత్తో, అదీ ఎడమచేత్తో, తిప్పాలంటే చక్రాలు తేలికవి కావాలి. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ ఎలా బోల్తాపడ్డానో చెబుతాను.

మా వైపు టైరు అంటే ట్రాక్టరు టైరే. ఎవరిని అడిగినా ఒకటే మాట, వెడల్పు ఉంటే గట్టిగా పట్టుకుంటుందని. తేలిక సంగతికి వస్తే, నేను వంటింటి లెక్క వేశాను. మేం అల్యూమినియాన్ని సిల్వర్ అంటాం. సిల్వర్ గిన్నె చిటికెన వేలితో లేస్తుంది, ఇనుప మూకుడు రెండు చేతులా పట్టుకోవాలి. కాబట్టి సిల్వర్ చక్రం ఇనుప చక్రం కంటే తేలిక. పిల్లలు ఇలాంటి లెక్క చేసి తెస్తే చెవి మెలిపెట్టేదాన్ని. నా లెక్కను దిద్దేవాళ్లు లేరు.

హైదరాబాద్ వెళ్లి తళతళలాడే అల్లాయ్ చక్రాలు నాలుగు కొన్నాను. "ఇది సిల్వరే కదా" అని షాపాయన్ని రెండుసార్లు అడిగాను. అవునన్నాడు. వాటికి తగ్గట్టు నూట ఎనభై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయించాను. ఒక్కటంటే ఒక్కటి చేత్తో ఎత్తి చూడలేదు. చీర కట్టుకున్న టీచరమ్మ నలుగురిలో చక్రాలు ఎత్తుతుందా? షాపువాళ్లే బస్సు టాపు మీదికి ఎక్కించారు. వనపర్తిలో దడ్వాయి మామ దించుకున్నాడు.

దడ్వాయి అంటే మార్కెట్ యార్డులో బస్తాలు తూకం వేసేవాడు. ఈ మామ నాయనకు చిన్ననాటి దోస్తు. ముప్పై ఏళ్లుగా పల్లికాయ బస్తాలు తూస్తున్నాడు. ఆ రోజు చక్రం దించుతూ నా మొహం వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి ఊరుకున్నాడు. చక్రాలు బిగించిందీ ఆయనే.

నాయన వాటిని ఎడమచేత్తో నిమిరి, "మస్తుగున్నయ్ బిడ్డా" అన్నాడు. "నా సవతికి వెండి కడియాలు కూడా వచ్చినయ్" అంది అమ్మ.

ఆ మరుసటి ఆదివారం నేను ఉత్సాహంగా వచ్చేసరికి వాన పడేటట్టుందన్నాడు. ఆ పై ఆదివారం పెట్రోలు పైపు కారుతోందన్నాడు. మరో ఆదివారం ఒళ్లు బాగాలేదన్నాడు. రెండు నెలలు ఇలాగే గడిచాయి. కారు షెడ్డు దాటలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు అనేశాను.

"నీకు ధైర్యం పోయింది నాయనా. నా తిప్పలంతా బూడిదల వోసిన పన్నీరే."

 నాయన తల దించుకొని గుడ్డముక్కతో చక్రం తుడుస్తూ కూర్చున్నాడు. ఆ మాట నోరు జారి ఇన్నేళ్లయినా, తలుచుకుంటే నా నాలుక మీద నాకే అసహ్యం వేస్తుంది.

విసురుగా బస్టాండుకు బయలుదేరాను. సందు చివర దడ్వాయి మామ అడ్డం వచ్చాడు.

"కోడలు పిల్లా, జర ఆగు. మీ నాయినకు ధైర్యం పోలే. స్టీరింగు తిరుగుతలేదు. నువ్వు తెచ్చిన చక్రాలు పాతవాటికంటె బరువు. నీతోని చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు."

"సిల్వరు ఇనుం కంటె బరువెట్లుంటది మామా?" అని ఎదురు తిరిగాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను.

"నోటి మాటలెందుకు? కాంటకెక్కిద్దాం పా" అన్నాడాయన.

షెడ్డుకు తిరిగి వచ్చాం. మామ కారు ముందువైపు జాకీ పెట్టి లేపి చక్రాలు ఊడదీశాడు. అవి పక్కకు తప్పుకోగానే కింద మట్టినేల కనిపించింది. రెండు చక్రాల కిందా రెండు గుంతలు, రోలు లోపలిలా గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. అంచుల్లో నల్లగా రబ్బరు పొడి. కదలని బండికి కింద గుంతలెందుకు పడ్డాయో నాకు వెంటనే అర్థం కాలేదు.

"రోజూ పొద్దుగాల వచ్చి గీడ కూసుంటడు" అన్నాడు మామ మెల్లగా. "స్టీరింగు పట్టుకొని గంటసేపు కొట్లాడుతడు. ఒక చేత్తోని కాకపోతే ఒళ్లో వడ్డ కుడిచేతిని గూడ గుంజుకొచ్చి పైన వెడ్తడు. నువ్వచ్చే ఆదివారం నాటికి తిరిగితె, నీ ముందల నడపాలని."

నేను ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చాను. అంతలో నాయన గుమ్మంలోకి వచ్చాడు. ఊడదీసిన చక్రాలు చూసి దోస్తు వైపు కోపంగా చూశాడు.

"ఎందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్తె నీకు బాధ, నాకు బాధ. తిప్పితె నాకొక్కనికే బాధ" అన్నాడు.

మామ ఇంటికెళ్లి కొక్కెం కాంటా తెచ్చి షెడ్డు దూలానికి కట్టాడు. నా చక్రం టైరుతో సహా పదహారున్నర కిలోలు. మూలన పడి ఉన్న పాత ఇనుప చక్రం, దాని రాయిలాంటి టైరుతో కూడా, పన్నెండే. పాతది పలుచటి ఇనుప రేకుతో చేసిన సన్న చక్రం. నాది దిట్టంగా పోతపోసిన వెడల్పు చక్రం. పైన పటారం, లోన లొటారం. పైగా వెడల్పు టైరు నేలను ఎక్కువగా అదుముకుంటుంది కాబట్టి నిలబడ్డ చోట తిప్పడం ఇంకా కష్టం. సన్న చేతికి సన్న టైరే కావాలని మామ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

తర్వాతి ఆదివారం నాయనా నేనూ బస్సెక్కి గద్వాల వెళ్లాం. పదమూడు అంగుళాల చక్రానికి సన్నటి టైరు కోసం మూడు షాపులు తిరిగాం. చివరి షాపులో నూట నలభై ఐదు వెడల్పువి దొరికాయి. ఈసారి కొంగు బొడ్లో దోపుకొని ఒక్కొక్కటీ నేనే ఎత్తి చూశాను. షాపాయన నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నాయన ఎడమచేతి బొటనవేలితో టైరు పక్కలు నొక్కి చూసి, నేల మీద దొర్లించి, అవే ఖాయం చేశాడు. పాత ఇనుప చక్రాల తుప్పు గీకి రంగు వేసిన పని అమ్మది. సవతికి సేవ చేయాల్సి వచ్చిందని సణుగుతూనే రెండు పూతలు వేసింది.

అమావాస్య నాడు మార్కెట్ బంద్. యార్డంతా ఖాళీ, అక్కడక్కడా పల్లి పొట్టు. మామ తాడు కట్టించి కారును అక్కడిదాకా లాగించాడు. అమ్మ నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నాయన ఎక్కాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది. నిమ్మకాయలు టప్‌మని చితికాయి.

ఎడమచెయ్యి ఒక్కటే స్టీరింగు మీద ఉంది. కారు మెల్లగా పోతోంది, తిప్పినట్టల్లా వింటోంది. యార్డు షెడ్డు మూల మలుపు దగ్గర గేరు మార్చాలి. గేరు రాడ్డు ఎడమవైపే కదా, ఆ చెయ్యి స్టీరింగు వదిలింది. నేను స్టీరింగు పట్టుకోబోయాను. అంతలోనే ఒళ్లోంచి కుడిచెయ్యి లేచింది. వణుకుతూ లేచి స్టీరింగు మీద పడింది. వేళ్లు ఒక్కొక్కటీ ముడుచుకున్నాయి. కారు మలుపు తిరిగింది.

తూకంలో ఒకటి అనరు, లాభం అంటారు. మేం ఒక చుట్టు పూర్తిచేసి వచ్చేసరికి దడ్వాయి మామ చెయ్యెత్తి, బస్తాలు లెక్కపెట్టే రాగంతో "లాభం!" అని అరిచాడు. తర్వాత "రెండూ!" అన్నాడు. "మూడూ!" అంటూ భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ అలవాటుగా అన్నం కలపబోయింది. నాయన పళ్లెం తన వైపు లాక్కున్నాడు. కుడిచేత్తో ముద్ద చేశాడు. సగం అంగీ మీద పడింది, సగం నోట్లోకి పోయింది. అమ్మ పడ్డ మెతుకులు ఏరుతూ తల ఎత్తలేదు. షెడ్డులో ఉన్న నా సిల్వర్ చక్రాలను వచ్చే వారం హైదరాబాద్‌లో వాపసు ఇచ్చేస్తానన్నాను.

నాయన నమలడం ఆపాడు.

"ఉండనియ్ బిడ్డా" అన్నాడు. "ఈ చెయ్యిని లేపింది ఆ చక్రాలే."