ఎవరి వెనక కూర్చోవాలి

మా రిటైర్డు రైల్వే కార్మికుల సంఘంలో ప్రెసిడెంటు ఎన్నిక అంటే నిజానికి రెండు ఎన్నికలు. పెట్టెలో ఓట్లు వేసేది రెండోది. దానికి పెద్ద విలువ లేదు, అవతలి ప్యానెల్ ఏనాడూ గెలిచింది లేదు. మా ప్యానెల్ తరఫున ఎవరు నిలబడాలో మాలో మేము తేల్చుకుంటామే, అసలు పోరు అక్కడే. ఈసారి ముగ్గురు దిగారు. ఆ ముగ్గురిలో ఓడిపోయేలా కనిపిస్తున్న మనిషి కోసం నేను తిరిగాను.

ఆమె రైల్వే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. చనిపోయిన ఆమె భర్త వర్క్‌షాపులో నాతో పనిచేసినవాడు. ఆమె పదవి కోసం రాలేదు. లాలాగూడలో మా సంఘం బిల్డింగుకు పైన పెళ్ళిళ్ళకు ఇచ్చే హాలు, కింద రీడింగ్ రూమ్ ఉన్నాయి. ఐదో తరగతి దాటని నేను పేపరు చదవడం, అర్జీ రాయడం, ఆ తర్వాత లావుపాటి పుస్తకాల జోలికి పోవడం నేర్చుకున్నది ఆ రూములోనే, డ్యూటీ దిగి చేతుల గ్రీజు కడుక్కుని. పోటీలో ముందున్నవాడు, ఒకప్పటి ఆఫీసు క్లర్కు, ఆ రూమును పెళ్ళి భోజనాలకు కలిపేస్తానని బాహాటంగానే చెప్తున్నాడు. ఆమె దిగింది అది ఆపడానికి.

"ఇయ్యాల రేపు పేపరెవడు సదువుతుండు అన్నా? అంత ఫోన్లనే వస్తది గద," అన్నాడు క్లర్కు నాతో.

ఒళ్ళు మండింది. ఫోన్లో వచ్చేది పేపరా? పొద్దున్నే గులాబీ పువ్వు, దాని మీద శుభోదయం, దాని కింద ఎవడో ఎవణ్ణో తిట్టిన తిట్లు. చదువంటే అదేనని ఈ మనుషులను నమ్మించింది ఎవరు?

మూడోవాడు మా పాత ఫోర్‌మన్. సమ్మె నాడు మేము గేటు ముందు బైఠాయిస్తే మమ్మల్ని దాటుకుని డ్యూటీకి పోయినవాడు. ఆ రోజు నుంచి అతనితో నాకు మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఎండలో టీచరమ్మా నేనూ ఆటోలో తిరిగాం. మావాళ్ళు ఇప్పుడు లాలాగూడలో ఎక్కడున్నారు? అల్వాల్‌లో ఒకరు, తిరుమలగిరిలో ఒకరు. ఏ ఇంటికి పోయినా చల్లటి నీళ్ళు, చాయ్, ఒకటే మాట: "మీకు కాకుంటె ఇంకెవరికి టీచరమ్మా!" ఆమె సంతోషంగా మెట్లు దిగేది. నేను ఆ ఇంటిని లెక్కలోంచి తీసేసేవాణ్ణి. నిజంగా మన వెంట వచ్చేవాడు ముందు కొట్లాడతాడు, అదెట్ల, ఇదెట్ల అని నిలదీస్తాడు. నవ్వుతూ ఒప్పుకున్నవాడు మనల్ని వాకిలి దాటించడానికి ఒప్పుకున్నట్టే.

అల్వాల్‌లో ఒక వెల్డరు మాత్రం దాచుకోలేదు.

"నిజం చెప్పాల్నా అన్నా? మా మనుమరాలి పెండ్లికి హాలు ఇప్పిస్త అన్నడు క్లర్కు సారు. మీ రూముల ఏమున్నది? రెండు బెంచీలు, ఇంత దుమ్ము."

"ఆ దుమ్ములనే గద నువ్వు సంతకం నేర్సుకున్నది!"

"నేర్సుకున్న. అయితే గిప్పుడేం జెయ్యాలె, బెంచీకి దండెయ్యాల్నా?"

లోపలి నుంచి ఆయన భార్య పకపకా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వింది. ఆటో ఎక్కాక నాతో అంది: "అన్నయ్యగారూ, మీరు వీళ్ళని అడగడానికి వస్తున్నారా, తిట్టడానికి వస్తున్నారా?"

 రెండింటికీ అని చెప్తే ఆటో దింపేసేది.

మా ప్యానెల్లో చీట్లు వేసే పద్ధతి లేదు. పోటీకి దిగినవాళ్ళు ముందు నిలబడతారు, ఇష్టమైనవాళ్ళు పోయి వాళ్ళ వెనక నిలబడతారు. ముఖం చూపించి చెప్పాలి. ఇప్పుడు మోకాళ్ళు ఎవరినీ నిలబడనివ్వడం లేదు గనుక కుర్చీలు వేస్తున్నాం, అంతే తేడా. తేల్చుకునే రోజు క్లర్కు అందరికంటే ముందే వచ్చి, తన వరుసల పక్కన ఇంత పెద్ద కూలర్ పెట్టించాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చల్లగాలి వైపు నడిచారు. అల్వాల్ వెల్డరూ అటే. నేను గుడ్లురిమితే, "జెర చెమట ఆరనియ్యి, వస్త," అన్నాడు. రాలేదు.

టీచరమ్మ వెనక కొద్దిమందిమి, మిగతావి ఖాళీ కుర్చీలు. ఫోర్‌మన్ వెనక జనం క్లర్కు కంటే కాస్త తక్కువ. తలలు లెక్కపెట్టబోతుండగా ఆమె లేచి నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి పోయింది. బడిలో పిల్లల్ని అడిగే గొంతుతో అడిగింది:

"ఏమండీ, నేను తప్పుకుని మావాళ్ళని మీ వెనక కూర్చోబెడితే, ఆ రూము రూములాగే ఉంచుతారా?"

"ఉంచుత."

"లేచి చెప్పండి, అందరూ వినాలి."

అతను కర్ర పట్టుకుని లేచాడు. "రీడింగ్ రూము ముట్ట. నా మాట."

ఆమె తన కుర్చీ తానే తెచ్చుకుని అతని వెనక వేసుకుంది. తక్కినవాళ్ళూ లేచారు. నేను కదల్లేదు.

"ఆయనెవరో తెలుసా టీచరమ్మా మీకు?"

"తెలుసు. ఆ రోజు గేటు దగ్గర మా ఆయన కూడా కూర్చున్నారుగా."

 కుర్చీ పట్టుకుని పోయాను. ఫోర్‌మన్ మెడ తిప్పి చూశాడు. ఇన్నేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట: "ఏం భాయ్, నా ఎనక కూసుంటవని కలల సుత అనుకోలే."

"నీ కోసం కూసోలే. రూము కోసం కూసున్న."

"అట్లనే అనుకో. లెక్కల మాత్రం నాకే పడతవ్."

చుట్టూ నవ్వారు. లెక్కలో అతను క్లర్కును దాటాడు, తర్వాత ప్రెసిడెంటూ అయ్యాడు. మాట తప్పాడని అనలేను. రూము ఉంది. కాని పైన పెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయి, ఎవరెవరో వచ్చి రూములో పడుకుంటున్నారని తాళం వేయించాడు. తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాడు. అడిగితే, "ముట్ట అన్న, ముట్టలే గద," అంటాడు. పేపరు చదవాలంటే రోజూ పొద్దున్నే ఆ మనిషి ఇంటికి పోయి, వాకిట్లో నిలబడి తాళంచెవి అడగాలి. అడుగుతున్నాను. టీచరమ్మ వస్తే మాత్రం తానే కర్ర పట్టుకుని వచ్చి తెరుస్తాడు.