తలుపు మీద 'అండ్ డాటర్' అని రాసిన లారీ

మా అన్నయ్య పంపిన ఒక ఫోటోతో ఈ ప్రయాణం మొదలైంది. అన్నయ్య పేరు సత్తిబాబు. ఇక్కడ గల్ఫ్‌లో, జెబెల్ అలీ రేవులో ఒక కంపెనీకి ట్రైలర్ తోలతాడు. క్రేన్లు, జనరేటర్లు, పాడైన బస్సులు, ఇలా తమంతట తాము రోడ్డెక్కలేని వాటిని మోసుకెళ్ళి దించి రావడం అతని పని. నిరుడు చలికాలం మొదట్లో ఓడలో వచ్చిన ఒక పాత లారీని ఖోర్ ఫక్కాన్ దగ్గర ఒక తోటలో దించమన్నారట. దించాక ఫోటో తీసి, "చెల్లాయ్, ఈ బండి చూడవే, నాన్న బండికి మేనమామలా ఉంది" అని పంపాడు. ముదురాకుపచ్చ రంగు, చదును మొహం, రెండు ముక్కల అద్దం, వెనక చెక్క తొట్టి. తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ఎవరిదో ఇంటిపేరు, దాని పక్కన 'అండ్ డాటర్' అని ఉంది. 'అండ్ సన్స్' అని రాసిన బోర్డులు నా ఉద్యోగంలో రోజూ చూస్తాను. నేను కూడా జెబెల్ అలీలోనే సరుకు రవాణా కంపెనీ ఆఫీసులో చేస్తాను. కూతురి పేరిట లారీని మాత్రం ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నాన్నకి సొంత లారీ ఉండేది. రావులపాలెంలో అరటి గెలలు ఎక్కించుకుని బరంపురం, కటక్ వెళ్ళొచ్చేవాడు. అన్నయ్యకి పదేళ్ళు దాటాక సెలవులొస్తే చాలు, పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. నేను వస్తానంటే, "ఆడపిల్లకి లారీ ఏంటే" అని ఊరుకునేవాడు. దసరాకి బండికి పసుపు రాసి బొట్లు పెట్టడం మాత్రం నా పనే. బయట నుంచి పెట్టడమే, లోపలికి ఎక్కింది లేదు. నాన్న పోయాక ఆ బండిని ఒక ఇటుక బట్టీవాళ్ళు కొన్నారు, తర్వాత అది తుక్కులోకి పోయింది. ఈ వ్యాసంలో సముద్రం, కొండలు తక్కువగానూ కుళ్ళు ఎక్కువగానూ ఉంటాయి. ముందే చెప్తున్నాను.

లారీ యజమాని మేగన్ అనే ఆవిడ. వేల్స్ దేశస్థురాలు, డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. షార్జాలో చాలాకాలం స్కూల్ టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ దగ్గర చదువుకున్న ఒక ఎమిరాతీ ఆయనకి పాత బళ్ళంటే పిచ్చి. ఆయన తోటలో షెడ్డు ఇస్తే, వేల్స్‌లో తమ్ముడి కొట్టంలో పడి ఉన్న తండ్రి లారీని ఇక్కడికి తెప్పించుకుంది. జాగ్రత్తగా దించినందుకు అన్నయ్యని, జనవరిలో ఒక ఆదివారం వచ్చి బండి నడుస్తుండగా చూడమని పిలిచింది. అన్నయ్య నాకు ఫోన్ చేసి, "నువ్వు కూడా రా. నేనొక మాట అడగాలి. అది నా ఇంగ్లీషుకి అందేది కాదు" అన్నాడు.

నేనుండేది షార్జాలో, రోలా దగ్గర. అన్నయ్య అల్ ఖూజ్‌లో కంపెనీవాళ్ళు బస ఇచ్చిన క్యాంపు నుంచి మెట్రో, ఆపైన బస్సు పట్టుకుని పొద్దున్నే జుబైల్ బస్టాండుకి వచ్చేశాడు. ఖోర్ ఫక్కాన్ బస్సు ధైద్, మసాఫీ మీదుగా ఫుజైరా చేరి, అక్కణ్ణించి తీరం వెంట వెళ్తుంది. టికెట్ ఒక్కొక్కరికీ పాతిక, ముప్ఫై దిర్హమ్‌ల మధ్య ఉంటుంది. రెండున్నర గంటలు పడుతుంది. సొంత కారుంటే సొరంగాలున్న కొత్త రోడ్డు మీద గంటంబావులో చేరిపోవచ్చు గానీ, మసాఫీ కొండలు చూడాలంటే బస్సే నయం. ముందు సీట్లో కూర్చున్నాం. డ్రైవరు పెషావర్ వైపు ఆయన. అన్నయ్య కూడా డ్రైవరేనని రెండు మాటల్లోనే కనిపెట్టి, సెలవు రోజు ఎక్కడికని హిందీలో అడిగాడు.

"పాత లారీ చూడ్డానికి," అన్నాడు అన్నయ్య.

"వారమంతా బండి, సెలవు రోజూ బండేనా?" అని ఆయన నవ్వాడు. "మరి ఈవిడ?"

"మా చెల్లెలు. ఇంగ్లీష్ మాట్లాడుతుంది."

నా గురించి అంతే చెప్పాడు. మసాఫీ దాటాక, ఆ అడగాల్సిన మాటేంటని నేనే అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "ట్రైలర్ మీంచి దించేటప్పుడు స్టీరింగు నేనే పట్టుకున్నా. ఇంజను ఆపేసుంది. ఒక్కసారి ఇంజను మీద తోలాలనుంది. తోలనిస్తుందేమో అడుగుతావా?"

అడుగుతానన్నాను. కానీ లోపల చివుక్కుమంది. నాన్న బండిలో అన్నేళ్ళు తిరిగినవాడు, ఇవాళ్టికీ రోజంతా స్టీరింగు పట్టుకునేవాడు, ఈ ఒక్కటీ కూడా తనకే కావాలంటున్నాడు. దానికి దుబాసీని నేను.

ఖోర్ ఫక్కాన్‌లో దిగి, తీరం రోడ్డు పక్కన మలయాళీల కేఫిటేరియాలో పరోటా, గుడ్డు కూర తిని, చిక్కగా కాచిన కరక్ చాయ్ తాగాం. ఇద్దరికీ కలిపి పది పన్నెండు దిర్హమ్‌లలో కడుపు నిండిపోయింది. తోటలున్న లోయ అక్కణ్ణించి టాక్సీలో పావుగంట దూరం. రెండు పక్కలా బూడిద రంగు కొండలు, మధ్యలో ఖర్జూరాలు, మామిళ్ళు, రేకుల షెడ్డు. షెడ్డు ముందు లారీ నిలబడి ఉంది. ఫోటోలో కన్నా చిన్నగా, ముద్దుగా ఉంది. చేతులు తుడుచుకుంటూ మేగన్ వచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. అన్నయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపింది. నన్ను చూసి, "నువ్వు మాట్లాడే చెల్లెలివి కదూ" అంది. అన్నయ్య ముందే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి ఉంటాడు.

చెట్టు కింద కుర్చీలు వేసి ఆవిడ చెప్పిన కబుర్లు వినాలి. వాళ్ళ వైపు ప్రతి లోయకీ ఒకటో రెండో కుటుంబాల లారీలు ఉండేవట. ఒక్కో కుటుంబానిది ఒక్కో రంగు. వాళ్ళ నాన్నకి మూడు బళ్ళు. కొండ నుంచి పలకరాయి, పొలాల నుంచి గడ్డి, గొర్రెలు, సున్నం, ఏది దొరికితే అది వేసేవాడట. మలుపు తిరగకముందే ఇంజను చప్పుడు విని ఎవరి బండో పిల్లలు చెప్పేసేవాళ్ళట. శనివారం వస్తే తను నాన్నతో బయల్దేరేది. సీట్లో లోడు ఎక్కించే మనిషి కూర్చుంటే, తను మధ్యలో ఇంజను మూత మీద కూర్చునేది. ఆ బళ్ళలో ఇంజను క్యాబిన్ లోపలే ఉంటుంది. చలికి కాళ్ళు కొంకర్లు పోతుంటే ఆ మూత వెచ్చగా ఉండేదట. ఏడో పుట్టినరోజున స్కూలు నుంచి వచ్చేసరికి, తలుపు మీద పెయింటరు 'అండ్ డాటర్' అని రాసి వెళ్ళాడు. తర్వాత పెద్ద కంపెనీలొచ్చి చిన్నవాళ్ళనందరినీ కొనేశాయి, రెండు బళ్ళు అమ్ముకున్నారు, ఇది మిగిలింది.

"అందరూ నవ్వలేదా, కూతురి పేరు రాసినందుకు?" అని అడిగాను.

"నవ్వారు. మా నాన్న పట్టించుకోలేదు. మా తమ్ముడు మాత్రం పెద్దయ్యేదాకా నన్ను క్షమించలేదు."

ఆవిడ చాలా మంచిది. నాకు ఖర్జూరాలు పెట్టింది, చాయ్ పోసింది. ఆవిడ అరవై ఏళ్ళ కిందటి శనివారాలు పోయిపోయి, ఓడెక్కి, సముద్రం దాటి ఈ తోటలోకి వచ్చి నిలబడ్డాయి. మా నాన్న బండి తలుపు గొళ్ళెం కూడా నా దగ్గర లేదు. అన్నయ్య మా ఇంగ్లీషు అర్థం కాక ఒకసారి ఆవిడ మొహం, ఒకసారి నా మొహం చూస్తున్నాడు. అడుగు అన్నట్టు రెండుసార్లు కనుబొమలెగరేశాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మేగన్ లేచి, "పదండి, ఒక చుట్టు తిరిగొద్దాం. పక్క సీట్లో ఒక్కరికే చోటు" అంది. ఆ బండికి మన ఊళ్ళో లాగే స్టీరింగు కుడివైపు. ఇక్కడి రోడ్ల మీదికి తేవడానికి వీల్లేదని, తోట చుట్టూ ఉన్న మట్టిబాట మీదే తిప్పుతారు. అన్నయ్య అలవాటు ప్రకారం ఎడమ తలుపు దగ్గరికి నడిచాడు. చెయ్యి వేశాడు కూడా.

"నేనెక్కుతా అన్నయ్యా," అన్నాను.

ఒక్క క్షణం నా వంక చూసి, తలుపు తెరిచి పట్టుకుని పక్కకి జరిగాడు. మెట్టు ఎత్తుగా ఉంది. చీర కట్టుకోకుండా సల్వార్ వేసుకెళ్ళినందుకు సంతోషించాను. ఇంజను మొదలవగానే సీటు, కిటికీ అద్దాలు, నా పళ్ళు అన్నీ కలిసి వణికాయి. డీజిలు, పాత తోలు కలిసిన వాసన. అంత ఎత్తు నుంచి మామిడి కొమ్మలు అద్దానికి తగులుతుంటే, ఇదా అన్నయ్య చూసినది అనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు దక్కనిది ఇదా. చాలా బాగుంది. బాగుండటమే బాధగా ఉంది. పక్క అద్దంలో అన్నయ్య కనిపించాడు. మేము లేపిన దుమ్ములో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

చుట్టు పూర్తయి షెడ్డు దగ్గర ఆగగానే మేగన్‌ని అడిగాను. ఈ బండిని తోలాలని అన్నయ్యకి ఉందనీ, అడగమన్నది అతనేననీ చెప్పాను.

"దించిన రోజు స్టీరింగుని వదల్లేక వదిలాడు. ఎప్పుడు అడుగుతాడా అని చూస్తున్నాను," అంది ఆవిడ.

ఆవిడ ఎడమ సీట్లోకి మారింది. నన్ను మధ్యలో ఇంజను మూత మీద కూర్చోమంది. అన్నయ్య చెప్పులు కింద విడిచి ఎక్కాడు. గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కాలని మేగన్ చెప్పబోయేసరికి అతను అప్పటికే తొక్కేశాడు. నాన్న బండి కూడా అంతేనట. మొదటి మలుపు దాటాక, చప్పుడులో వినపడేలా గొంతు పెంచి నాతో తెలుగులో అన్నాడు.

"ఇందాక ఎందుకడగలేదు?"

"కుళ్ళుతో," అన్నాను. "నాన్న నిన్నే తీసుకెళ్ళాడు. ఒక్కసారి కూడా నన్ను ఎక్కించుకోలేదు."

అన్నయ్య గేరు మార్చాడు. "ముద్దొచ్చి తీసుకెళ్ళాడనుకున్నావా? క్లీనరు మానేశాడే. తొమ్మిదో తరగతి పరీక్షలప్పుడు ఒక్క ట్రిప్పు రారా అన్నాడు. పరీక్షలు అయ్యేసరికి నేను బరంపురంలో గెలలు దించుతున్నా. ఖలాస్, మళ్ళీ బడి మొహం చూళ్ళేదు. పొద్దున్నే బండి తీస్తుంటే నువ్వు సంచీ తగిలించుకుని వెళ్ళేదానివి. అద్దంలో సందు చివరిదాకా కనబడేదానివి. నీ మీద నాకెంత కుళ్ళో నీకు తెలీదు. ఇందాక మీరిద్దరూ ఇంగ్లీషులో నవ్వుకుంటుంటే కూడా అదే కుళ్ళు."

కింద ఇంజను మూత కాలిపోతోంది. మేగన్ నా మోచెయ్యి తట్టి, ఏమంటున్నాడని అడిగింది.

"నేను చదువుకున్నందుకు నా మీద అసూయట," అన్నాను.

"మరి నీకు?"

"నాకు మీ ఇద్దరి మీదా."

ఆవిడ పెద్దగా నవ్వలేదు. తలుపు వైపు చూసి, "ఆ పెయింటరుకి అర్థమై ఉండదు, ఎంతమందితో తగువు పెట్టిస్తున్నాడో," అని, ఇంకో చుట్టు వేయమని అన్నయ్యకి వేలితో గుండ్రంగా చూపించింది. అన్నయ్య మూడు చుట్లు వేశాడు.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా సెలవు తీసుకుని మెయిన్ రోడ్డు మీదికి నడిచాం. మేగన్ ఆ రాత్రి తోటలోనే ఉంటోంది కాబట్టి మమ్మల్ని దింపేవాళ్ళు లేరు. టాక్సీ కోసం నిలబడి ఉండగా, నాన్న దారిలో ఎలా ఉండేవాడని అడిగాను. ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి. అన్నవరం కొండ కనబడగానే నాన్న చెప్పులు విడిచేసి, కొండ కనుమరుగయ్యేదాకా ఉత్త కాళ్ళతోనే తోలేవాడట. ఇచ్ఛాపురం దాటితే ఒడియా మొదలుపెట్టేవాడట.

"నాన్నకి ఒడియా వచ్చా?"

"రాదు. ధైర్యంగా మాట్లాడేవాడు. వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు."

నాకు తెలిసిన నాన్న ఇంట్లో గట్టిగా నవ్విన గుర్తు లేదు.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మేగన్ శనివారాలు ఆవిడవే, కటక్ రోడ్డు మీద నవ్విన నాన్న అన్నయ్యకే సొంతం. తొమ్మిదో తరగతి దాటి నడిచిన దారి నాది, దాన్ని అన్నయ్యకి ఇవ్వలేను. ఒకరికి దక్కింది ఇంకొకరి చేతిలోంచి జారినదేనని ఇన్నాళ్ళూ లెక్కేసుకున్నాను. మాకు సీట్లు పంచిన నాన్నకి అప్పట్లో ఏం తోచిందో అడగడానికి ఇప్పుడు ఆయన లేడు. ఉన్నది అన్నయ్య. ఆదివారాలు ఫోన్ చేసి, ఆ రోడ్డు మీది ఊళ్ళు ఒక్కొక్కటీ అడుగుతున్నాను. నిన్న సోంపేట దాకా వచ్చాం.

మీరు ఆ లోయ తోటలకి వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. దిగేటప్పుడే టాక్సీ డ్రైవరు నంబరు అడిగి తీసుకోండి, తిరుగు బండి అక్కడ సులువుగా దొరకదు. మేం తీసుకోలేదు. గంటకు పైగా రోడ్డు పక్కన నిలబడ్డాం, నాకు మాత్రం ఆ గంట సరిపోలేదు.