మా అమ్మ పుట్టించిన ఆనవాయితీ

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల చివర్లో, మేము న్యూయార్క్‌లో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాన్న మాన్‌హాటన్‌లో ఇంజనీరు. అమ్మ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. పొద్దున్న ఏడింటికల్లా తెల్ల కోటు వేసుకుని మైక్రోస్కోప్ ముందు కూర్చోవాలి. ఆ ఉద్యోగమంటే అమ్మకి ప్రాణం. కారు నడపడం మాత్రం రాదు. డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పింది. మూడోసారి వెళ్లనంది, వెళ్లలేదు. పంతంలో నాది అమ్మ పోలికే అంటారు. నాకది పొగడ్తే.

నాకు పదేళ్లొచ్చేసరికి నాన్న మనసు సొంత ఇంటి మీదికి మళ్లింది. నది దాటి న్యూజెర్సీలో, రోజూ రైల్లో సిటీకి వచ్చిపోగల ఊళ్లన్నీ ఆదివారాలు తిరిగి, చివరికి ఒక ఇల్లు మనసులో ఖాయం చేసుకున్నారు. తూర్పు వాకిలి, నాలుగు పడగ్గదులు, అదే వీధిలో రెండు తెలుగు కుటుంబాలు. స్టేషన్ దగ్గరేనని ఇల్లు చూపించినాయన చెప్పాడు. ఆదివారం, కార్లో, నిజంగానే దగ్గర. మరి నా ఉద్యోగమో అని అమ్మ అడిగితే, తర్వాత చూద్దాంలే అన్నారు నాన్న. తర్వాత చూద్దామంటే మానేయమనే అర్థమని నాకు కూడా తెలుసు. అమ్మ మొహం చిన్నబోయింది. నాకు నాన్న మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

అమ్మ వాదించలేదు. మర్నాడు భోజనాల దగ్గర, తన పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉందని నిదానంగా బయటపెట్టింది. కొత్త ఇంటికి మాట ఇచ్చే ముందు, పని రోజు పొద్దున్నే, ఇల్లాలు ఆ గుమ్మం ముందు నుంచి కాలినడకన వెళ్లి పాలు కొని తేవాలట. అరగంటలో తిరిగి గుమ్మం చేరకపోతే ఆ ఇల్లు అచ్చిరాదట. ఉద్యోగం సంగతైతే నాన్న గంటసేపు వాదించేవారే. ఆనవాయితీ అనేసరికి వెంటనే సరేనన్నారు. గృహప్రవేశానికి ఎలాగూ పాలు పొంగిస్తాం కదా, ఇదీ అలాంటి ముచ్చటే కాబోలనుకున్నారు.

నాకు స్కూలు లేని ఒక సోమవారం ముగ్గురం తెల్లవారుతుండగానే ఆ ఇంటి ముందుకి చేరాం. నాన్నని కార్లోనే కూర్చోమని, చీర మీద కోటు, కాళ్లకి కాన్వాస్ బూట్లు వేసుకున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. పాలు దొరికే కొట్టు స్టేషన్ పక్కనే ఉంది. దారిలో ఫుట్‌పాత్ అన్నదే లేదు. తడి ఆకుల మీద జారుతూ, కారు వచ్చినప్పుడల్లా పక్కనున్న గడ్డిలోకి ఎక్కి నిలబడుతూ నడిచాం. ఆఫీసుకి పరిగెత్తే కార్లు మా పక్కనుంచి దూసుకుపోతుంటే నాకు ఏడుపొచ్చింది. స్టేషన్ చేరడానికే నలభై నిమిషాలు పట్టింది.

మేము రాకపోయేసరికి నాన్న కంగారుపడి వెతుక్కుంటూ వచ్చారు. స్టేషన్ దగ్గర కారు పెట్టడానికి చోటు దొరక్క మూడుసార్లు చుట్టూ తిరిగారు. పార్కింగ్ స్టిక్కర్ ఉన్నవాళ్లే ఇక్కడ కారు పెట్టాలని, దానికి పేరు రాయించుకుంటే రెండేళ్లు ఆగాలని అక్కడి మనిషి చెప్పాడు. నాన్నేమో రోజూ అక్కడే కారు వదిలి రైలెక్కాలనుకున్నారు.

అమ్మ పాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. "ఏమండీ, ఏడింటి డ్యూటీకి నేను ఈ రోడ్డు మీద నాలుగున్నరకి బయల్దేరాలి. లేదంటే రోజూ ఈ పిల్లని నిద్రలేపి కార్లో వేసుకుని నన్ను డ్రాప్ చెయ్యాలి. చేస్తారా?" అంది. నాన్న కారు తిప్పి, సిటీకి ఇంకా దగ్గరగా ఉన్న మరో ఊరికి పోనిచ్చారు. అంతకుముందు తానే వద్దన్న ఇల్లు అక్కడుంది. దక్షిణం వాకిలి, ఒకటే బాత్రూమ్, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటిల్లు.

అక్కడ ఇంటి ముందు నుంచే ఫుట్‌పాత్ ఉంది, అమ్మా నేనూ మళ్లీ నడిచాం. బ్యాగులు పట్టుకుని మా లాగే స్టేషన్‌కి నడిచేవాళ్లు కనిపించారు, ఒకామె గుడ్ మార్నింగ్ కూడా చెప్పింది. స్టేషన్ ఎదురుగానే కొట్టు. ఇంకో డబ్బా పాలు కొని వెనక్కి వచ్చేసరికి, నాన్న గుమ్మం ముందు వాచీ చూసుకుంటూ నిలబడి, "పద్దెనిమిది నిమిషాలే!" అని పందెం గెలిచినంత సంబరంగా అరిచారు. దక్షిణం వాకిలి మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత అమ్మమ్మకి రాసిన ఉత్తరంలో ఆ ఆనవాయితీ గురించి అడిగాను. పెరట్లో రెండు గేదెలుండగా పాల కోసం రోడ్డున పడే ఖర్మ మాకెందుకే, అని జవాబొచ్చింది. అమ్మకి చూపించాను. చదివి, నవ్వి, మడిచి నా చేతికే ఇచ్చింది. నాన్నకి ఎప్పటికీ చెప్పలేదు. ఆయనేమో ఇల్లు కొనుక్కోబోయే తెలుగువాళ్లందరికీ మా అత్తగారింటి ఆనవాయితీ అంటూ గొప్పగా చెప్పి, వాళ్లని కూడా పాలకి నడిపించేవారు.

అమ్మ ఇరవై ఆరేళ్లు ఆ స్టేషన్‌కి నడిచి వెళ్లింది. ఆ ల్యాబ్‌కే పెద్ద అయ్యింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. మా బంధువుల పిల్లలు ఇళ్ల ఫోటోలు చూపించి, "ఎలా ఉంది ఆంటీ?" అని అడుగుతుంటారు. గదులెన్నో, గరాజ్ ఎంతో నేను తర్వాత చూస్తాను. ముందు ఒక్కటే అడుగుతాను: మీ ఇంట్లో కారు నడపనివాళ్లెవరు, ఎవరినీ బతిమాలకుండా వాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలరు?